ఆర్‌ఎక్స్-8 స్పార్క్ ప్లగ్గులు: మార్చడం హాయి, కడగడం దండగ (చాలామటుకు)

మాజ్డా ఆర్‌ఎక్స్-8 రోటరీ ఇంజన్ కారు, అంటే పిస్టన్ల బదులు రెండు ముక్కోణపు రోటర్లు తిరుగుతాయి. దీన్ని వాడేవాళ్లని ఏం నచ్చిందని అడిగితే ఎక్కువమంది 9,000 ఆర్‌పీఎం గురించి, ఆ శబ్దం గురించి చెబుతారు. నాకు మాత్రం ఈ కారులో ఇప్పటికీ ముచ్చటేసేది స్పార్క్ ప్లగ్గులు ఉన్న చోటు. ముందు ఎడమ చక్రం ఊడదీసి, అడుగున ఉన్న ప్లాస్టిక్ షీటు తప్పిస్తే చాలు, నాలుగు ప్లగ్గులూ ఇంజన్ పక్కనే చేతికి అందుతాయి. మేనిఫోల్డు విప్పక్కర్లేదు. లోతైన గొట్టంలోకి సాకెట్ దించి చీకట్లో తడుముకోనక్కర్లేదు. కొన్ని ఆరు సిలిండర్ల కార్లలో వెనక వరస ప్లగ్గుల కోసం సగం ఇంజన్ విప్పించుకున్నవాళ్లకి ఈ సుఖం ఎంతటిదో వెంటనే అర్థమవుతుంది. ఏళ్ల తరబడి ఈ పని నేనే చేసుకుంటున్నాను. మెకానిక్ దగ్గరికి వెళ్లాలనే ఆలోచన కూడా రాలేదు.

అందుతాయి అన్నాను గానీ, నాలుగూ ఒకేలా అందవు. కింది రెండూ, ముందు రోటర్ పై ప్లగ్గూ నిజంగానే సులువు. వెనక రోటర్ పై ప్లగ్గు దగ్గరికి వచ్చేసరికి మోచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియదు. రాచెట్ తిప్పడానికి చోటు చాలదు. పొడుగు ఎక్స్‌టెన్షన్ పెడితే ఒక చోట తగులుతుంది, పొట్టిది పెడితే ఇంకో చోట తగులుతుంది. రెండు మూడు పొడవుల ఎక్స్‌టెన్షన్లు, ఒక వంగే జాయింటు దగ్గర పెట్టుకుంటే ఆ ఒక్కదానితో తంటా తగ్గుతుంది. చేతులు పెద్దవైతే కష్టమే. నావి కావు కాబట్టి నా మాటని ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

రోటర్‌కి రెండు ప్లగ్గులెందుకన్నది ఈ బండి ఉన్నవాళ్లందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి ఎక్కువ పోను. పెట్రోలు మండే గది పొడుగ్గా, పల్చగా ఉంటుంది. ఒక్క చోట అంటిస్తే మంట చివరిదాకా పాకే లోపే రోటర్ తిరిగిపోతుంది. 1991లో లె మాన్ 24 గంటల రేసు గెలిచిన మాజ్డా 787బి కారులో రోటర్‌కి మూడేసి ప్లగ్గులు పెట్టారు. నాలుగు రోటర్లకి కలిపి పన్నెండు. ఆ లెక్కన మనకి నాలుగే కావడం అదృష్టం. మార్చేటప్పుడు నిజంగా గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి ఉంది. కింద ఉండే లీడింగ్ ప్లగ్గు, పైన ఉండే ట్రెయిలింగ్ ప్లగ్గు ఒకటి కావు. ఎన్‌జీకే వాళ్లవైతే కింది దాని మీద ఆర్‌ఈ7సి-ఎల్ అనీ, పై దాని మీద ఆర్‌ఈ9బి-టి అనీ ఉంటుంది. ఆ కంపెనీ లెక్కలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లగా ఉండే రకం. చల్లటి రకాన్ని కింద బిగిస్తే త్వరగా మసి పడుతుంది. వేడి రకాన్ని పైన బిగిస్తే అసలు సమయానికి ముందే పెట్రోలు అంటుకునే ప్రమాదం ఉంది. ఈ ఇంజన్‌లో ఆ తప్పుడు మంట దెబ్బ నేరుగా ఎపెక్స్ సీళ్ల మీద, అంటే రోటర్ మూలల్లో ఉండి గదుల మధ్య ఒత్తిడి జారకుండా ఆపే పట్టీల మీద పడుతుంది. పెట్టెలోంచి తీసినప్పుడు రెండు రకాలూ అన్నదమ్ముల్లా ఉంటాయి కాబట్టి, నాలుగూ ఒకేసారి బల్ల మీద పరవకుండా ఒక్కొక్కటే తీసి, ఒక్కొక్కటే బిగిస్తాను.

పైవైపు హౌసింగ్‌లో (రోటర్ తిరిగే పెట్టె) ప్లగ్గు ముందున్న రంధ్రం కింది దానికన్నా చిన్నగా ఉంటుంది. సీల్ ఆ రంధ్రం మీదుగా దాటే క్షణంలో ఒక గదిలోని ఒత్తిడి పక్క గదిలోకి జారుతుంది. పైవైపు ఆ తేడా ఎక్కువ కాబట్టి అక్కడ రంధ్రం చిన్నది చేశారు. ప్లగ్గు మొన గదిలోకి పొడుచుకు రాకూడదు, ఎందుకంటే సీల్ ఆ గోడని రాసుకుంటూనే పోతుంది. వేరే ఇంజన్ ప్లగ్గు మర సరిపోయిందని పట్టుకొచ్చి బిగించే మహానుభావులు ఉంటారు. వాళ్లని బండికి దూరంగా ఉంచండి.

విప్పడం గురించి రెండు మాటలే చెబుతాను. ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి. హౌసింగ్ అల్యూమినియం, వేడి మీద బలవంతపెడితే మరలు పాడవుతాయి. ప్లగ్గులు అడ్డంగా, చక్రం పక్కన ఉన్నాయి కాబట్టి వాటి చుట్టూ ఇసుక, దుమ్ము చేరతాయి. వదులు చేసే ముందే గాలి కొట్టి ఊదెయ్యాలి, లేకపోతే ఆ ఇసుక లోపలికి పోతుంది. కొత్తది ఎక్కించేటప్పుడు దాని తోకకి రబ్బరు గొట్టం ముక్క తొడిగి వేళ్లతో తిప్పుతాను. మర తప్పుగా పట్టుకుంటే గొట్టమే జారిపోతుంది తప్ప హౌసింగ్ చెడదు. చివర్లో 15 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగిస్తే చాలు. అంతకుమించి కండబలం చూపించే చోటు కాదిది. కేబుళ్లకి మాత్రం తీసేముందే గుర్తులు పెట్టుకోవాలి, ప్లగ్గులకి కరెంటు ఇచ్చే నాలుగు కాయిల్స్ నుంచి నాలుగు వస్తాయి.

ఇక అసలు కథ. నేను ఊళ్లో లేని రోజు మా బావమరిది కారు కడగడానికి బయటికి తీశాడు. ఈ ఇంజన్ స్టార్ట్ చేస్తే వేడెక్కేదాకా ఆపకూడదని వాడికి చెప్పి ఉన్నాను. ఒంటపట్టలేదు. నాలుగు అడుగులు కదిపి ఆపేశాడు, కడిగాక మళ్లీ స్టార్ట్ చేసి లోపల పెట్టి ఆపేశాడు.

నేను వచ్చాక సెల్ఫ్ కొడితే తిరుగుతోంది తప్ప అంటుకోవడం లేదు. పెట్రోలు వాసన గుప్పుమంటోంది.

"ఎంతసేపు స్టార్ట్‌లో ఉంచావు?" అని ఫోన్ చేసి అడిగాను.

"అస్సలు ఉంచలేదు బావా, నీ పెట్రోలు దండగెందుకని వెంటనే ఆపేశాను" అన్నాడు.

"అదే రా వచ్చిన చిక్కు!"

చల్లగా ఉన్నప్పుడు ఇంజన్‌లోకి పెట్రోలు ఎక్కువ వెళ్తుంది. అది మండి వేడెక్కే లోపే ఆపేస్తే మిగిలింది గదుల్లోనే ఉండిపోతుంది. ప్లగ్గులు తడవడం అందరూ చెప్పేదే. దాన్ని మించిన గొడవ ఇంకోటి జరుగుతుంది: ఆ పెట్రోలు సీళ్ల మీదున్న ఆయిల్ పొరని కడిగేస్తుంది. ఆయిల్ లేకపోతే సీల్ గట్టిగా కూర్చోదు, ఒత్తిడి నిలవదు, ఒత్తిడి లేకపోతే స్పార్క్ వచ్చినా మంట పట్టదు. అంటే ప్లగ్గులు ఆరబెట్టినంత మాత్రాన పని జరగదు.

ముందు మామూలు చిట్కా ప్రయత్నించాను. ఎక్సలరేటర్ నేలకి తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే కంప్యూటర్ ఇంజెక్టర్లని ఆపేస్తుంది, లోపలి పెట్రోలు బయటికి పోతుంది. చాలాసార్లు ఇది చాలు అంటారు. నాకు బ్యాటరీ నీరసపడింది తప్ప ఫలితం లేదు. ఈ మోడల్‌లో మొదట్లో వచ్చిన స్టార్టర్లు నెమ్మదిగా తిప్పుతాయి. తర్వాత మాజ్డా బలమైనది ఇచ్చింది గానీ నా బండిలో ఉన్నది పాతదే. బ్యాటరీకి చార్జింగ్ పెట్టి చక్రం ఊడదీశాను.

కింది ప్లగ్గులు రెండూ తడిసి కారుతున్నాయి. పైవి కొంచెం నయం. నాలుగూ తీశాక కాయిల్ కనెక్టర్లు, ఫ్యూయల్ పంప్ ఫ్యూజు పీకేసి సెల్ఫ్ కొట్టాను. ఇక్కడ కాయిల్స్ పీకడం మర్చిపోతే బయటికి చిమ్మే పెట్రోలుకి అక్కడికక్కడే నిప్పంటుకుంటుంది, కాబట్టి ఇది చాదస్తం అనుకోకండి. రంధ్రాల్లోంచి పెట్రోలు తుంపరగా బయటికి వచ్చింది. పొడిగా గాలి మాత్రమే వచ్చేదాకా ఆగి ఆగి తిప్పాను. తర్వాత కింది రంధ్రాల్లోంచి ఒక్కో రోటర్‌కి కొంచెం, అంటే అరచెంచా ఇంజన్ ఆయిల్ పోసి, ఇంకోసారి తిప్పి సీళ్లకి పట్టించాను.

చేతిలో కొత్త ప్లగ్గులు లేవు. ఉన్నవాటినే కడిగాను. ఈ ప్లగ్గుల మొన ఇరిడియం, సన్నగా ఉంటుంది. వైరు బ్రష్ పెడితే పోతుంది, శాండ్‌పేపర్ మాట ఎత్తనే కూడదు. టూ స్ట్రోక్ బండ్ల కాలంలో ప్లగ్గు తీసి గరుకు కాగితంతో రుద్దినవాళ్లకి చెయ్యి ఊరుకోదు గానీ ఇక్కడ ఆపుకోవాలి. ఇసుకతో మసి కొట్టే యంత్రాలు కూడా వద్దు. పింగాణీ సందులో ఒక్క రేణువు మిగిలినా అది నేరుగా సీళ్ల దగ్గరికి వెళ్తుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పొడిగుడ్డతో తుడిచి, గాలి ఊది, ఎండలో ఆరబెట్టాను. అంతే. మసి చాలావరకు అలాగే ఉంది, తడి మాత్రం పోయింది. గ్యాప్ ముట్టుకోలేదు.

అన్నీ బిగించి సెల్ఫ్ కొడితే మూడో నాలుగో ప్రయత్నంలో దగ్గి, తుమ్మి, మొత్తానికి అంటుకుంది! పోసిన ఆయిల్ మండి పొగ సందంతా కమ్మేసింది. పక్కింటివాళ్లు తలుపులు మూసుకున్నారు. పొగ ఆగేదాకా ఆపకుండా నడిపాను. ఆ రోజు ఉత్సాహంలో, కడిగిన ప్లగ్గులతో కొత్తవాటిలాగే నడుస్తోందని తెలిసినవాళ్లందరికీ చెప్పాను.

ఆ మాట కొన్ని వారాలే నిలబడింది. ఊళ్లో తిరిగినంతసేపు ఏమీ లేదు. హైవే మీద 6,000 దాటి లాగితే మిస్సింగ్ కొట్టడం మొదలైంది. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. ఈ ఇంజన్‌లో ఒక్కో ప్లగ్గు షాఫ్టు తిరిగిన ప్రతిసారీ వెలగాలి. 9,000 దగ్గర సెకనుకి 150 సార్లు. మామూలు ఫోర్ స్ట్రోక్ పిస్టన్ ఇంజన్‌లో అదే వేగానికి 75 సార్లు చాలు. దానికి తోడు సీళ్ల కోసం ఇంజనే ఆయిల్‌ని గదుల్లోకి పంపి తగలబెడుతుంది. మిగతా కార్లలో ప్లగ్గు ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుందో ఆ లెక్క ఇక్కడ పనికిరాదు.

కొత్త ప్లగ్గులు తెప్పించి వేశాను. తేడా కనబడింది. ఐడిల్ నున్నగా అయింది, స్టార్టింగ్ బాగుపడింది. కానీ పైన మిస్సింగ్ తగ్గిందే గానీ పోలేదు. స్కానర్ పెడితే వెనక రోటర్‌లో అని చూపించింది. ముందు, వెనక కాయిల్స్ అటూ ఇటూ మార్చి చూస్తే మిస్సింగ్ ముందు రోటర్‌కి మారింది. దోషం కాయిల్‌ది. కాయిల్స్ నాలుగూ మార్చాక బండి మళ్లీ మనిషిలో పడింది. పాపం పాత ప్లగ్గులు మోసిన నింద సగమే వాటిది. ఇది ఆలస్యం చేయకూడని పని కూడా. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి వెళ్లి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది.

కాబట్టి కడగడం మీద నా అభిప్రాయం ఇది: దారిలో ఆగిపోయిన బండిని ఇల్లు చేర్చడానికి పనికొస్తుంది, సర్వీసుగా పనికిరాదు. చక్రం ఊడదీసే శ్రమ ఎలాగూ పడ్డాక పాతవే తిరిగి బిగించడంలో అర్థం లేదు. ఇప్పుడు డిక్కీలో ఒక కొత్త సెట్టు, రబ్బరు గొట్టం ముక్క, 21 ఎంఎం ప్లగ్ సాకెట్ ఎప్పుడూ ఉంటాయి. బావమరిదికి తాళం ఇవ్వడం మానేశాననుకోకండి. ఇస్తున్నాను, డ్యాష్‌బోర్డు మీద చీటీ అంటించాను.

నాకు ఇంట్లో కారు లేపే స్టాండ్లు ఉన్నాయి, సెలవు రోజు సగం దీనికి పోయినా అడిగేవాళ్లు లేరు, తిరిగేది ఎక్కువ దూరాలే. అందుకే నాకు ఈ పని హాయిగా ఉంది. రోజూ కిలోమీటరు వెళ్లి ఆపేవాళ్లకి ఇవే ప్లగ్గులు ఇంకా త్వరగా నల్లబడతాయి, వాళ్లు నా అంత మెచ్చుకోకపోవచ్చు. ఉత్పత్తి 2012లో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లందరికీ వాడిన బండే దొరుకుతుంది. అమ్మేవాళ్లు కొత్త ప్లగ్గులు వేశామని చూపిస్తే సంతోషించండి గానీ, అదే రంధ్రంలో రోటరీ కంప్రెషన్ టెస్టర్ పెట్టి రోటర్ మూడు ముఖాల ఒత్తిడీ విడివిడిగా చూపించమనండి. మామూలు టెస్టర్ మూడింట్లో మంచిదాని అంకెనే చూపించి ఊరుకుంటుంది.