1981 బుల్లెట్ 350: కొత్త పెయింటు వేసిన పాత బండి

పాలకొల్లులో మాది మోటార్ల వైండింగు షాపండి. రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు, బోరు మోటార్లు, రైసు మిల్లు మోటార్లు, ఏది కాలినా మా గుమ్మంలోకి వస్తుంది. బండ్ల మెకానిక్కుని కాను. అందుకని ఈ రివ్యూలో ఇంజను చప్పుడు గురించి తక్కువా, కరెంటు గురించి ఎక్కువా ఉంటుంది. చప్పుడు విని మురిసిపోయి డబ్బులు పోసేవాళ్ళు మా వైపు చాలామందే ఉన్నారు, వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

బండి భీమవరం అవతల ఓ కోళ్ళ షెడ్డులో మూలపడి ఉంటే కొన్నాను. ట్యాంకు మీద ఎన్‌ఫీల్డ్ అని మాత్రమే రాసి ఉండే కాలం నాటిది. 346 సీసీ, 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టను పైకీ కిందకీ నడిచే దూరం), 18 హార్సుపవరు, నాలుగు గేర్లు, పోత ఇనుము సిలిండరు, ఆరు ఓల్టుల బ్యాటరీ. 1955లో ఇంగ్లండు కంపెనీ మద్రాసువాళ్ళతో కలిసి మన దగ్గర మొదలుపెట్టిన బుల్లెట్టు చుట్టమే ఇదీ. లోపల దాచిపెట్టిన విద్యలేం లేవు. సందులు కొలిచే ఫీలర్ గేజీ, నాలుగు స్పానర్లు, ఓపికా ఉంటే ఇంటి వరండాలో విప్పుకోవచ్చు. నేను అక్కడే విప్పాను. వరండా నిండా కిరసనాయిలు వాసనని మా ఆవిడ పండగ దాకా గొణిగింది. బోరు లేతుకి పంపి ఓవర్‌సైజు పిస్టను వేయించాను, టింకరింగూ పెయింటూ బయట చేయించాను, మిగతాది నేనే బిగించాను. మొత్తం ఖర్చు బండి కొన్న ధరకి రెట్టింపు దాటింది. ఎవరు చేసినా దాదాపు ఇంతే అవుతుంది కాబట్టి దాని గురించి ఇక చెప్పను.

ముందు కిక్కు సంగతి. పాత బుల్లెట్టు కిక్కు కొట్టడానికి బలం కావాలనుకుంటారు. బలం అక్కర్లేదు, కరెంటు రాకపోకలు చూపించే అమ్మీటరు చూడ్డం రావాలి. తాళం తిప్పి కిక్కు రాడ్డు నెమ్మదిగా తొక్కుతూ ఉండండి. పాయింట్లు (ప్లగ్గుకి నిప్పు పంపే కాయిలుకి కరెంటు ఇస్తూ, ఆపుతూ ఉండే చిన్న స్విచ్చి) మూసుకుని ఉన్నంతసేపూ కాయిలు కరెంటు లాగుతుంది, ముల్లు ఎడం పక్కకి వాలి ఉంటుంది. పాయింట్లు విడిపోగానే ముల్లు మధ్యకి వచ్చేస్తుంది. అంటే పిస్టను కంప్రెషను మీద పైదాకా వచ్చినట్టు. అక్కడ సిలిండరులో గాలి ఒత్తిడి వదిలేసే డీకంప్రెషను లివరు పట్టుకుని రాడ్డుని ఇంకాస్త కిందకి జార్చి, లివరు వదిలేసి, రాడ్డు పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క నిండు తొక్కు. మా బావమరిది లెక్కపెట్టకుండా తొక్కి పిక్క పట్టుకుని కూర్చున్నాడు. పక్కింటి మామ్మగారు డెబ్బై ఏళ్ళ మనిషి, ముల్లు చూపించి చెబితే చేత్తో నొక్కి మధ్యకి తెచ్చేశారు. స్టార్టు చెయ్యలేదు లెండి, ఆ పని నేను చేశాను.

కొన్నాళ్ళు నిలబెట్టి తీస్తే మొదట్లో నీలం పొగ వస్తుంది. ఆయిలు ట్యాంకు ఇంజను కేసులోనే ఉంటుంది కదా, నిలబడ్డ బండిలో ఆ ఆయిలు పంపు సందుల్లోంచి మెల్లగా ఇంజను అడుగున ఉండే సంపులోకి దిగిపోతుంది. కాసేపు తిరిగితే పంపు దాన్ని వెనక్కి తోడేసుకుంటుంది, పొగ పోతుంది. దీనికి పిస్టను రింగులు మార్చాలని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. ఇంజను వేడెక్కాక కూడా పొగ ఆగకపోతేనే రింగుల గురించి ఆలోచించాలి.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు సంగతి. రీస్టోర్ చేసిన బండికి చాలా జబ్బులు రీస్టోరేషనే తెస్తుంది. తుప్పు పట్టి, రంగు వెలిసి, రోజూ పొలానికి తిరిగే బుల్లెట్టు ఆగదు. అద్దంలా మెరిసే బండి ఆగుతుంది. ఎందుకో చెబుతాను.

బోరు సెట్టయ్యాక మొదటి పెద్ద ప్రయాణం అంతర్వేది పెట్టుకున్నాం, వెనకాల బావమరిది. చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరి గాలి ఎడం పక్కనుంచి కొడుతుంటే బండి అటూ ఇటూ ఊగకుండా నిలకడగా పోయింది. ఈ బరువు సుఖం ఇప్పటి తేలిక బండ్లకి లేదు. వంతెన దిగి దిండి దాటామో లేదో రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. కొబ్బరి చెట్ల కింద కాసేపు ఉండి కొడితే మళ్ళీ స్టార్టయింది. కాస్త దూరం పోయి మళ్ళీ ఆగింది. మా చుట్టూ నలుగురు చేరారు.

"కార్బొరేటర్లో నలక పడి ఉంటాదండీ, ఊదేస్తే పోద్ది," అన్నాడొకాయన.

"బావా, ఊదించేద్దామా?" అన్నాడు మావాడు.

పాత బండి ఆగితే అందరి చెయ్యీ ముందు కార్బొరేటరు మీదకే పోతుంది. నేను పెట్రోలు మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూతలో సన్నటి బెజ్జం ఒకటి ఉంటుంది. పెట్రోలు దిగే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావడానికి పెట్టింది. పెయింటరు ట్యాంకు మీద వేసిన క్లియర్ కోటు మూత మీద కూడా వేసి ఆ బెజ్జం పూడ్చేశాడు. గాలి రాకపోతే పెట్రోలు దిగదు. గుండుసూదితో పొడిచాను, బండి అంతర్వేది దాకా గుక్క తిప్పుకోకుండా పోయింది. స్వామి దర్శనం అయింది, సముద్రం గట్టున బావమరిది ఫొటోలు అయ్యాయి.

వచ్చేటప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి నరసాపురం దిగుదామనుకున్నాం. రేవు వాలులో మళ్ళీ ఆగింది. ఈసారి మూత తీస్తే బుస్సు లేదు. అంటే పెట్రోలు కాదు. ప్లగ్గు విప్పి హెడ్డుకి ఆనించి కిక్కు కొడితే నిప్పు రవ్వ పసుపుపచ్చగా, పల్చగా వచ్చింది. పొద్దున షాపు దగ్గర చూసినప్పుడు అదే ప్లగ్గులో నీలంగా చిటుక్కుమంది. పాయింట్ల మూత తీసి, మావాణ్ణి కిక్కు కొట్టమని, లోపలికి చూశాను. ప్లగ్గు దగ్గర రావాల్సిన నిప్పు పాయింట్ల మధ్య ఎగురుతోంది. ఇలా కనపడితే అనుమానం కండెన్సరు మీద పెట్టుకోవచ్చు. పాయింట్లు విడిపోయే క్షణంలో కరెంటు అక్కడే దూకకుండా కండెన్సరు దాన్ని తన కడుపులోకి తీసుకుంటుంది. అప్పుడు కాయిల్లో అయస్కాంతం ఒక్కసారిగా పడిపోయి ప్లగ్గుకి గట్టి దెబ్బ వస్తుంది. అది చచ్చిపోతే పాయింట్లు మాడతాయి, ప్లగ్గు మూగబోతుంది. చల్లబడ్డాక పంటు ఎక్కించి, నరసాపురం నుంచి నిదానంగా ఇల్లు చేరాం.

ఇక్కడ మా వైండింగు షాపు పనికొచ్చింది. ఆ కండెన్సరు కొత్తదే. సిటీలో ఓ స్పేర్ పార్టుల షాపులో కొన్నాను, పేరు చెప్పను. మీటరు మీద పెడితే 0.2 మైక్రోఫారడు, శుద్ధంగా ఉంది. ఏ మెకానిక్కు చూసినా బాగుందనే అంటాడు. చుట్టిన మోటార్లకి వార్నిష్ ఆరబెట్టే ఓవెను ఉంది మా దగ్గర. అందులో పడేసి, ఇంజను పక్కన ఉన్నంత వేడి ఎక్కాక తీసి మెగ్గరు (ఇన్సులేషను ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) పెట్టాను. ముల్లు కిందకి జారిపోయింది. చల్లారే కొద్దీ మళ్ళీ పైకి పాకింది. డబ్బా లోపల ఇన్సులేషను వేడికి లీకవుతోంది. డూప్లికేటు సరుకు. మా దగ్గరకొచ్చే ఏరియేటర్ మోటార్లదీ ఇదే తంతు: పొద్దున చల్లగా ఉంటే మెగ్గరు బాగుంటుంది, మధ్యాహ్నం చెరువు గట్టున ట్రిప్పు కొడుతుంది. వేడిలో చెడేదాన్ని వేడిలోనే చూడాలి.

కారుకి వాడే కండెన్సరొకటి తెచ్చి, ఇంజను వేడి తగలకుండా ట్యాంకు కింద ఫ్రేముకి బిగించి, పాయింట్ల వైరుకి కలిపాను. అది ఎక్కడ ఉన్నా పరవాలేదు, పాయింట్లకి పక్కన కలిసి, దాని డబ్బా ఎర్తు అవ్వాలంతే. ఎర్తు అన్నానే, దాని దగ్గరే పెయింటు ఇంకో దెబ్బ కొట్టింది. డబ్బా బిగించిన చోట గీకితే కానీ ఇనుము తగల్లేదు, పైన అంత మందాన పౌడరు కోటింగు. బ్యాటరీ ఎర్తు వైరు బిగించిన చోటా అంతే, కాయిలు క్లాంపు కిందా అంతే. పన్నెండు ఓల్టుల బండిలో అర ఓల్టు పోతే పెద్ద తేడా తెలీదు. ఆరు ఓల్టుల్లో అర ఓల్టంటే పన్నెండో వంతు పోయినట్టు. అన్ని ఎర్తు చోట్లా ఎమరీ పెట్టి తెల్ల ఇనుము తేల్చి, కొత్త వాషర్లు వేసి, పైన గ్రీజు పూశాను. ఆ తర్వాత దారిలో ఆగింది లేదు.

పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టండి. టైమింగు, అంటే పాయింట్లు విడిపోయి నిప్పు పడే చోటు, పిస్టను పూర్తిగా పైకొచ్చే ముందు 0.8 మిల్లీమీటరు. పాయింట్ల మధ్య సిగరెట్టు కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఉంటే, అది జారే చోటే పాయింటు విడిపోయే చోటు. వాల్వులని తెరిచే టాపెట్ల సందుకి గేజీ అక్కర్లేదు. ఇంజను చల్లగా ఉండగా పిస్టను కంప్రెషను మీద పైన పెట్టి టాపెట్టు మీద నిలబడే పుష్‌రాడ్డుని వేళ్ళతో తిప్పండి. తిరగాలి, కానీ పైకీ కిందకీ ఆడకూడదు.

రోడ్డు మీద ఎలా ఉందీ అంటే, మా కాలవ గట్ల రోడ్ల కొలతకి కుట్టిన చొక్కాలా ఉంది. టాప్ గేర్లో నలభైకి తగ్గినా గొణగదు, లాక్కుపోతుంది. ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వచ్చినా, గేదెల మంద అడ్డొచ్చినా గేరు ముట్టుకోకుండా యాక్సిలేటరుతోనే నడిపెయ్యొచ్చు. యాభై, అరవై మధ్య దీనికి ప్రాణం లేచొస్తుంది. డెబ్బై దాటితే చేతులకి జిల పుడుతుంది. హైవే మీద సిద్ధాంతం వంతెన దాకా లారీల మధ్య పోటీ పడదామంటే ఇది బండి కాదు. మైలేజీ లీటరుకి ముప్పై దాటుతోంది, చాలు.

బ్రేకులు బలహీనం. ముందూ వెనకా డ్రమ్ములే, దూరం నుంచే చూసుకుని పట్టాలి. పైగా గేరు కుడికాలికి, బ్రేకు ఎడంకాలికి. ఫస్టు గేరు పైకి, మిగతావి కిందకి. ఇప్పటి బండి అలవాటున్నవాడు కంగారులో కుడికాలు తొక్కితే బ్రేకు పడదు, పై గేరు పడుతుంది. మా బావమరిది గాంధీబొమ్మల సెంటరులో అదే చేసి పుచ్చకాయల బండి ముందు చచ్చీ చెడీ ఆపాడు. "బావా, దీన్ని నువ్వే తోలుకో," అని తాళం నా చేతిలో పెట్టేశాడు. కుడి మడమ దగ్గర న్యూట్రలు లివరు ఒకటుంటుంది. రెండు, మూడు, నాలుగు గేర్లలో ఎక్కడున్నా దాన్ని నొక్కితే నేరుగా న్యూట్రలు. రైల్వే గేటు దగ్గర ఈ ఒక్క సుఖానికి బండిని పది మాటలు క్షమించొచ్చు. రాత్రి ప్రయాణం మాత్రం వద్దు. ఆరు ఓల్టుల హెడ్‌లైటు వెలుగులో కాలవ గట్టెక్కడో రోడ్డెక్కడో తెలీదు.

మా నేలకి సంబంధించినవి ఒకటి రెండు. ఒండ్రు మట్టిలో సైడు స్టాండు దిగబడి బండి పక్కకి ఒరుగుతుంది, సీటు కింద కొబ్బరి డొక్క ఒకటి పెట్టుకోండి. వాన పడ్డాక పుంత దారిలోకి దిగితే మడ్‌గార్డు నిండా మన్ను పట్టి చక్రమే తిరగదు. సముద్రం పక్కకి వెళ్ళొచ్చిన రోజే రిమ్ములు మంచినీళ్ళతో కడిగి ఆయిలు గుడ్డతో తుడవండి, లేకపోతే క్రోమింగు మీద చుక్కలు లేస్తాయి. పెట్రోలు ట్యాంకులో నెలల తరబడి ఉంచకండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాలు కలిపింది, తేమ పీలుస్తుంది. మన గాలిలో తేమకి కొదవా? పాత రబ్బరు పైపులు, కార్బొరేటరు వాషర్లు దానికి తట్టుకోవు, కొత్తవి వేసుకోండి. కార్బొరేటరులో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాక నా బండికి యాక్సిలేటరు తిప్పగానే వచ్చే దగ్గు పోయింది.

మరి కొనొచ్చా? రోజూ ఆఫీసుకి పోవడానికైతే కొనకండి. ఆదివారాలు కాలవ గట్టు మీద తిరగడానికి, చేతులు నల్లబడితే సంతోషించే మనిషైతే కొనండి. చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంజను అప్పటికే వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చుని కిక్కు కొట్టండి, తర్వాత గంటసేపు తోలి, వేడి మీద ఆపి మళ్ళీ కొట్టండి. పెయింటు ఎంత మెరిస్తే ఎర్తు బోల్టులు అంత అనుమానంగా విప్పి చూడండి.

కాగితాలు ఇంకా ముఖ్యం. పదిహేనేళ్ళు దాటిన బండికి ఆర్సీ ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించాలి. ఇరవై ఏళ్ళు దాటిన మోటారుసైకిలుకి ఆ ఫీజు 2025 ఆగస్టులో 2,000 రూపాయలకి పెంచారు. వింటేజి రిజిస్ట్రేషను అని అమ్మేవాళ్ళు ఊదరగొడతారు. 2021 నిబంధనల ప్రకారం అది యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకే, పైగా ఆ నంబరుతో రోజువారీ తిరగనివ్వరు. 1981 బండికి ఆ మాట ఎత్తితే వినకండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రెండూ టార్చి వేసుకుని ఆర్సీతో సరిచూడండి. ఛాసిస్ నంబరు మీద పుట్టీ, పెయింటు మందంగా పట్టి ఉంటే గీకనివ్వమని అడగండి. గీకనివ్వకపోతే వచ్చిన దారినే వెనక్కి వచ్చెయ్యండి.