పిల్లలతో ఆల్ప్స్‌లో ఆగాలంటే: లౌటర్‌బ్రునెనా, గ్రిండెల్వాల్డా?

స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్ పట్టణం నుంచి కారులో వెళ్తే ఈ రెండు ఊళ్లూ దగ్గరే. ఒక్క రోజే ఉంటే ఏదో ఒకటే ఎంచుకోండి. రెండూ చూడాలని పరుగెడితే పిల్లలు అలసిపోతారు.

ఖర్చు: లౌటర్‌బ్రునెన్ లోయలో నడక ఉచితం. దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి పడే స్టౌబాఖ్ జలపాతం ఊళ్లోంచే కనిపిస్తుంది. గ్రిండెల్వాల్డ్‌లో అసలు సరదా 2,168 మీటర్ల ఎత్తున్న ‘ఫస్ట్’ అనే కొండ మీద ఉంది. అక్కడికి కేబుల్ కార్ టికెట్ కొనాలి, ఆటలకు వేరే.

శ్రమ: లోయ చదునుగా ఉంటుంది, స్ట్రోలర్ హాయిగా నడుస్తుంది. ఫస్ట్ నుంచి బాఖాల్ప్‌సే సరస్సుకు దాదాపు గంట నడక. ఏడెనిమిదేళ్ల పిల్లలు నడవగలరు, చిన్నవాళ్లను ఎత్తుకోవాల్సిందే.

రిస్క్: లౌటర్‌బ్రునెన్ లోయలో, కొండ లోపల హోరెత్తే ట్రుమెల్‌బాఖ్ జలపాతాలు అద్భుతం, కానీ నాలుగేళ్లలోపు పిల్లలను రానివ్వరు. మెట్లు తడిగా ఉంటాయి, గ్రిప్ ఉన్న బూట్లు వేయండి. ఫస్ట్ దగ్గర అసలు టెన్షన్ మబ్బు. పైన మబ్బు కమ్మితే డబ్బు పెట్టి తెల్లటి గోడ చూసినట్టే. టికెట్ కొనేముందు వెబ్‌క్యామ్ చూడండి. అక్కడి ఫస్ట్ ఫ్లయర్ (తీగ మీద జారే జిప్‌లైన్), మౌంటెన్ కార్ట్ (కొండ దిగే బండి) ఆటలకు వయసు, ఎత్తు నిబంధనలున్నాయి. పిల్లలకు ఆశ పెట్టే ముందే అవి చూసుకోండి.

ఎక్కడికెళ్లినా, 12 ఏళ్లలోపు, 150 సెంటీమీటర్లకన్నా పొట్టి పిల్లలకు స్విట్జర్లాండ్‌లో చైల్డ్ సీటు తప్పనిసరి. అద్దె కారుతోపాటే అడగండి.

పసిపిల్లలు, తాతయ్యలు, అమ్మమ్మలు, వాన రోజు అయితే లౌటర్‌బ్రునెన్. పదేళ్లు దాటిన పిల్లలు, ఎండ కాసిన రోజు అయితే గ్రిండెల్వాల్డ్.