శాన్‌ఫ్రాన్సిస్కోలో లాటరీయా, ఫ్రీమాంట్‌లో ఇల్లా?

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటి పక్కనే ప్రభుత్వ బడి ఉన్నా అందులో సీటు ఖాయం కాదు. కిండర్‌గార్టెన్‌కి నచ్చిన బడులను వరుసగా రాసివ్వాలి. సీట్ల కన్నా అర్జీలు ఎక్కువైతే లాటరీయే. అక్కో అన్నో అదే బడిలో చదువుతున్న పిల్లలకే ముందు ఇస్తారు. మా పాప ఒక్కతే, కాబట్టి ఫలితాలొచ్చే మార్చి దాకా టెన్షన్ తప్పదు.

దగ్గర్లోని ఫ్రీమాంట్ ఊళ్లో అయితే అడ్రసును బట్టి బడి. మనవాళ్లు చాలామంది అటు వెళ్లేది ఇందుకే. కానీ బడి నిండిపోతే అక్కడా వేరే బడికి పంపుతారు. ఇల్లు కొనేముందు ఈ సంగతి కనుక్కోవాలి. పైగా అక్కణ్ణుంచి నా ఆఫీసుకి బార్ట్ రైల్లో దాదాపు 50 నిమిషాలు, రోజూ రెండుసార్లు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో గిరాకీ ఉన్న బడులే రాసి, అవేవీ రాకపోతే చివరికి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేస్తారు. అందుకే నడిచి వెళ్లగల మామూలు బడులు మూడు చూసొచ్చాం. ఒకదాంట్లో టీచరమ్మ నేల మీద కూర్చుని ఒక పిల్లాడి బూటు లేసు కడుతూనే కథ చెబుతోంది. పాప నా చెయ్యి వదిలేసి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. ఆ బడిని జాబితాలో రెండోది రాశాను. ఈ ఏడాదికి ఇల్లు మారడం లేదు.