షెల్టర్ నుంచి ముసలి కుక్కను తెచ్చుకున్న రెండున్నరేళ్లకు

మల్లి మా ఇంటికొచ్చి రెండున్నరేళ్లు దాటింది. వచ్చేనాటికి దానికి 9 ఏళ్లుంటాయని షెల్టర్ వాళ్ల అంచనా. కార్డు మీద ‘చాలా ప్రశాంతం, అరవదు, కరవదు’ అని రాసి ఉంది. నాకు కావాల్సిందీ అదే. కుక్కపిల్లను పెంచే తీరిక నాకు లేదు. పక్కన పడుకుని, సాయంత్రం నాతో నాలుగడుగులు వేస్తే చాలనుకున్నాను. మిగతా కుక్కలన్నీ జాలీ దగ్గరికి ఎగబడుతుంటే మల్లి మూలన పడుకుని తల మాత్రం ఎత్తి చూసింది. అంతే, మనసు పారేసుకున్నాను.

మళ్లీ కుక్కను తెచ్చుకోవాల్సి వస్తే పెద్ద వయసుదాన్నే తెచ్చుకుంటాను. కానీ ఆ ‘ప్రశాంతం’ అన్న మాటను మాత్రం గుడ్డిగా నమ్మను.

మొదటి మూడు రోజులు సోఫా వెనక నుంచి కదల్లేదు. మేం పడుకున్నాకే లేచి నీళ్లు తాగేది. బెరుకు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతులు అలవాటవడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు అంటుంటారు కదా, మల్లికి ఆ చివరిది రావడానికి ఐదు నెలలు పట్టింది.

రెండో వారంలో ఒకటి గమనించాను. గిన్నె పెట్టగానే ఆశగా వచ్చేది. ఒక ముద్ద నోట పెట్టుకుని, తల పక్కకు వంచి ఒక వైపే నమిలి, సగంలో వదిలేసి వెళ్లిపోయేది. నోటి వాసన వయసు వల్లేమో అనుకున్నాను. డాక్టర్ పెదవి పైకెత్తి చూపించారు. దవడ పళ్ల మీద గోధుమరంగు గార పెచ్చులు కట్టి ఉంది, చిగుళ్లు ఎర్రగా వాచిపోయాయి. రక్తపరీక్షలో కిడ్నీలు, లివర్ బాగున్నాయని చూసుకున్నాకే మత్తిచ్చి, గార తీసి, ఐదు పళ్లు పీకారు. ఆ వయసులో మత్తు అనేసరికి ఆ రోజంతా టెన్షన్‌తో నాకు కాలూ చెయ్యీ ఆడలేదు.

నెల తిరిగేసరికి, తలుపు చప్పుడైతే మల్లి మొరిగింది. ఒక్కసారే, బొంగురు గొంతుతో. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. నేను ప్రశాంతత అనుకున్నదాంట్లో సగం నొప్పేనని అప్పుడర్థమైంది. పళ్ల సంగతి షెల్టర్‌లో ఎవరూ చెప్పలేదు, కార్డులో ఆ ‘ప్రశాంతం’ అన్న మాట, టీకాల తేదీలు తప్ప ఇంకేమీ లేవు. ఆ బాధ నాకింకా పోలేదు.

రెండోది కీళ్లు. మా గచ్చు నున్నగా ఉంటుంది. లేవాలంటే ముందు కాళ్లు ఊనుకునేది, వెనక కాళ్లు చెరో పక్కకు జారిపోయేవి, ఒక్క క్షణం ఆగి మళ్లీ ప్రయత్నించేది. పడక నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కణ్నుంచి గుమ్మం దాకా జారని మ్యాట్లు వరసగా పరిచాం. మందుల కన్నా ముందు మ్యాట్లే పనిచేశాయని నా నమ్మకం. బరువు 2 కిలోలు తగ్గించాక ఇంకా తేలికైంది. నొప్పి మాత్రలు డాక్టర్ రాసినవే వాడుతున్నాం. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ సొంతంగా మాత్రం వేయకండి, కుక్కల ప్రాణం మీదికి వస్తుంది.

కళ్లలో నీలం పొర కనిపిస్తే శుక్లమని కంగారుపడ్డాను. వయసుతో కంటి లెన్స్ గట్టిపడితే అలా కనిపిస్తుందట, చూపు పెద్దగా పోదట. చెవులు మాత్రం నిజంగానే మందగించాయి. ఒకసారి నిద్రలో ఉండగా వెనక నుంచి తడితే ఉలిక్కిపడి నా చేతి మీదికి నోరు చాపింది. తప్పు నాదే. ఇప్పుడు ముందు నేల మీద పాదంతో మెల్లగా తడతాను, ఆ అదురుకి కళ్లు తెరుస్తుంది. ‘రా’, ‘కూర్చో’ చేతి సైగలతోనే నేర్చుకుంది. ముసలి కుక్కలకు కొత్తవి రావనే మాట నమ్మకండి.

మీరు వెళ్లేటప్పుడు ఒక్కసారి చూసి వచ్చేయకండి, వేర్వేరు వేళల్లో రెండుసార్లు వెళ్లండి. పడుకున్న కుక్క ఎలా లేస్తుందో చూడండి. మీ ముందే తినిపించమనండి, కాసేపు బయట నడిపించండి. మూలన ముడుచుకున్నది బయట గాలి పీల్చగానే తోక కదిపితే అది ఒక రకం. బయటా అలాగే బిగుసుకుపోతే భయమో, జబ్బో ఉండొచ్చు. అలాంటిదాన్నీ తెచ్చుకోవచ్చు, కాకపోతే తెలిసి తెచ్చుకోవాలి.

ఇప్పుడు మల్లికి పదకొండు దాటాయి. రోజులో ముప్పాతిక భాగం నిద్రే. ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష చేయిస్తున్నాం. మొన్నటిదాంట్లో కిడ్నీ అంకెలు కాస్త పెరిగాయి, డాక్టర్ తిండి మార్చారు. నీళ్లు ఎక్కువ తాగుతోంది, అందుకని తెల్లవారుజామున నాలుగింటికీ బయటికి తీసుకెళ్లాలి. మొదట్లో అలారం పెట్టుకునేవాణ్ని. ఇప్పుడు అక్కర్లేదు, వేళకి అదే వచ్చి నా మంచం అంచు మీద గడ్డం ఆనించి నిలబడుతుంది.