గేరు జారుతున్న పాత ఆటోమేటిక్ బండి: విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు పనితీరు

పదహారేళ్లు దాటిన మా సెడాన్‌లో ఉన్నది నాలుగు గేర్ల పాతకాలపు ఆటోమేటిక్ గేర్‌బాక్సు. లక్షా ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్ల దాకా ఏ పేచీ పెట్టని ఆ బండి, గత వేసవిలో బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా, రెండో గేరు నుంచి మూడో గేరుకు మారే చోట ఒక్కసారిగా హోరెత్తింది. ఆర్‌పీఎం ముల్లు రెండు వేల దగ్గర నుంచి మూడున్నర వేలకు లేచింది గాని బండి వేగం అంగుళమైనా పెరగలేదు. పొద్దున్నే చల్లటి బండి తీసినప్పుడు ఈ లక్షణం కనిపించేది కాదు. ఇరవై నిమిషాలు ట్రాఫిక్‌లో తిరిగి గేర్‌బాక్సు వేడెక్కాకే మొదలయ్యేది.

మొదట చూపించిన చోట స్కానర్ పెట్టి, పీ0700 అనే కోడ్ చూసి, పది నిమిషాల్లో గేర్‌బాక్సు మొత్తం మార్చాలని, లక్షా డెబ్బై వేలు అవుతుందని చెప్పారు. బండి అమ్మినా అంత రాదు. పైగా ఆ కోడ్ గేర్‌బాక్సు కంప్యూటరుకు ఏదో లోపం కనిపించిందని చెబుతుందే తప్ప, ఆ లోపం ఏమిటో చెప్పదు. అందుకే ఒక బంధువు మాట విని, ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తప్ప వేరే పని పట్టుకోని ఈ చిన్న షెడ్డుకు వెళ్లాను. ఉన్నది రెండే లిఫ్టులు కాబట్టి పేరు ఎక్కడా రాయవద్దని మేస్త్రిగారు కోరారు. ఆ మాట మన్నిస్తున్నాను.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, లోపల ఉన్నది ఏ రకం ఆటోమేటిక్ అని. 2014లో సెలెరియోతో మన దగ్గర బాగా వాడుకలోకి వచ్చిన ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్సులోనే క్లచ్‌ను, గేర్లను యంత్రం నడిపే రకం) బండ్లలో ఉండేది మామూలు క్లచ్ ప్లేటే కనుక, అది జారితే చేయవలసిన పని వేరు. విడి గేర్లకు బదులు బెల్టు మీద నడిచే సీవీటీలో ఆ బెల్టు జారడం మరొక కథ. మాది ఇంజిను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ రకమని చూసుకున్నాక కూడా ఆయన వెంటనే చెయ్యి పెట్టలేదు. "ముందు బండి వేడెక్కనివ్వండి సార్, చల్లటి బాక్సును చూసి నేనేం చెప్పను?" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బందరు రోడ్డు మీద కంకిపాడు దాకా వెళ్లి వచ్చారు.

స్కానర్ మొదటి చోటా ఉంది, ఇక్కడా ఉంది. తేడా అంతా దాన్ని చదవడంలో కనిపించింది. మా గేర్‌బాక్సులో మూడో గేరు నిష్పత్తి ఒకటికి ఒకటి, అంటే ఆ గేరు పూర్తిగా పడ్డాక లోపలికి వచ్చే షాఫ్టూ బయటికి పోయే షాఫ్టూ ఒకే వేగంతో తిరగాలి. పోరంకి దాటాక తెర మీద మొదటి అంకె 2,900 దగ్గర, రెండోది 2,300 దగ్గర రెండు మూడు సెకన్లు నిలబడి, తరువాత కలిశాయి. జారుతున్నది ఎక్కడో, ఎంతసేపో నాకు కూడా అర్థమయ్యేలా కళ్ల ముందు కనిపించింది.

షెడ్డుకు తిరిగి వచ్చాక, ఇంజిను నడుస్తుండగానే లీవరును అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పి డిప్‌స్టిక్ తీశారు. ఆయిల్ వేడి గీతకు బాగా కింద ఉంది. కుడివైపు యాక్సిల్ దగ్గర ఆయిల్ సీల్ చెమ్మగిల్లి ఉంది. తెల్ల కాగితం మీద వేసిన చుక్క ఎరుపు పోయి గోధుమ రంగులో ఉంది గాని మాడు వాసన లేదు, మెరిసే రవ్వ లేదు. ఆయిల్ నింపి మళ్లీ నడిపితే జారడం తగ్గింది గాని పోలేదు. చాలా చోట్ల ఇక్కడే బిల్లు రాసి పంపేస్తారు.

ఆయన, లోపల గేర్లను పట్టి ఉంచే ఆయిల్ ఒత్తిడిని కొలవడానికి ప్రెషర్ గేజ్ బిగించారు. చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ మాన్యువల్‌లో ఇచ్చిన హద్దులోనే ఉంది, వేడెక్కాక కిందికి దిగింది. పంపు అరిగినా ఇలాగే అవుతుంది, ప్రెషర్‌ను నియంత్రించే సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) సరిగా పనిచేయకపోయినా ఇలాగే అవుతుంది. మా రకం గేర్‌బాక్సులో ఆ సోలెనాయిడ్‌కు కరెంటు అందకపోతే ప్రెషర్ గరిష్ఠ స్థాయికి పోవాలి. ఆయన కనెక్టరు పీకగానే, అంత వేడిలోనూ, ముల్లు పైకి లేచి నిలబడింది. పంపు బాగానే ఉన్నట్టు, తప్పు సోలెనాయిడ్‌దేనన్నట్టు అక్కడితో తేలింది. బ్రేకు తొక్కి యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చే స్టాల్ టెస్టు మాత్రం ఒక్కసారి, ఐదు సెకన్లకు మించకుండా చేశారు. పాత బాక్సుల్లో ఆ పరీక్షే కొత్త రోగం తెచ్చిపెడుతుందని ఆయన భయం. చివరగా అడుగు పళ్లెం విప్పితే అయస్కాంతం మీద బూడిద రంగు ముద్ద పట్టి ఉంది, అది వయసుకు తగినదే. లోపలి క్లచ్ ప్లేట్ల పొట్టు గాని, లోహపు ముక్కలు గాని లేవు.

సోలెనాయిడ్, ఫిల్టర్, ఆయిల్ సీల్ మార్చారు. పాత బండికి కొత్త ఆయిల్ పోస్తే గేర్‌బాక్సు పోతుందన్న భయం నాకూ ఉండేది కాబట్టి మెషిన్ ఫ్లష్ (యంత్రంతో పాత ఆయిల్ అంతా ఒకేసారి తోసి మార్చడం) వద్దని నేను అనబోతే, ఆయనే వద్దన్నారు. డ్రెయిన్ బోల్టు తీస్తే సగం కూడా రాదు, మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది కనుక, మూడు వందల కిలోమీటర్లకు ఒకసారి చొప్పున మూడు విడతల్లో మార్చారు. పరీక్షలకు రెండున్నర వేలు విడిగా తీసుకున్నారు, మొత్తం ఖర్చు ముప్పై నాలుగు వేల పైచిలుకు. పరీక్షకు డబ్బు అడగడం కొందరికి నచ్చకపోవచ్చు గాని, నా దృష్టిలో ఈ షెడ్డులో నేను కొన్న విలువైన సరుకు అదే.

లోపాలు కూడా ఉన్నాయి. నాలుగు రోజులన్న పని తొమ్మిది రోజులు పట్టింది, నాలుగు సార్లు ఫోన్ చేస్తే ఒకసారి ఎత్తారు. గేజ్ అంకెలు, స్కానర్ అంకెలు కాగితం మీద రాసి ఇమ్మంటే "ఫోటో తీసుకోండి సార్" అన్నారే తప్ప రిపోర్టు ఇవ్వలేదు; రేపు బండి అమ్మేటప్పుడు అది నాకు పనికొచ్చేది. సోలెనాయిడ్‌కు ఆరు నెలల గ్యారంటీ కూడా నోటిమాటే.

ఇప్పటికి ఏడు వేల కిలోమీటర్లు తిరిగాను, ఫ్లైఓవర్ మీద ముల్లు ఎగరడం లేదు. పొద్దున్న రివర్స్‌లో వేసినప్పుడు మాత్రం బండి కదలడానికి ఒక సెకను ఎక్కువ తీసుకుంటోంది. లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడ్డాయని, ఆ ఆలస్యం రెండు సెకన్లు దాటిన రోజున బాక్సు దించక తప్పదని మేస్త్రిగారు ముందే చెప్పి ఉన్నారు.