ఉంగరం కౌంటరు: అంకెలు బాగున్నాయి, బటనే బాలేదు

వేలికి తొడుక్కునే ఈ చిన్న డిజిటల్ కౌంటరు మనలో చాలామందికి జపం కౌంటరుగానే తెలుసు. నేనూ పూజా సామాన్ల కొట్లోనే కొన్నాను. కాకపోతే నేను లెక్కపెట్టేది నామాలు కాదు, స్వెట్టరు రిబ్బింగ్‌లో (అంచులు సాగేలా వేసే నిలువు చారల అల్లికలో) వరుసలు. కొన్న కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కొనుక్కోమని చెప్పాను. ఇన్ని స్వెట్టర్లు అల్లాక ఆ మాటకి కొంచెం కోత పెట్టక తప్పడం లేదు.

దాని మంచి దానికుంది. అంతకుముందు నా దగ్గర సూదికి తొడిగే గొట్టం కౌంటరు ఉండేది. 8 నంబరు సూదికి సరిగ్గా పట్టేది గానీ రిబ్బింగ్ కోసం సన్నపాటి 10 నంబరుకి మారగానే జారి చివరికొచ్చేసేది. పైగా వరుస అయిన ప్రతిసారీ అల్లిక పక్కన పెట్టి చక్రం తిప్పాలి. ఉంగరంతో ఆ బాధ లేదు, బొటనవేలితో ఒక్క నొక్కు చాలు. మామూలు నిట్ (సాదా కుట్టు) వరుసల్లో ఇప్పటికీ దీనికి వంక పెట్టను.

గొడవంతా రిబ్బింగ్‌తోనే. రెండు నిట్, రెండు పర్ల్ (ఊలు ముందుకి తెచ్చి వేసే తిరగ కుట్టు) అంటే ప్రతి రెండు కుట్లకీ ఊలు ముందుకి, మళ్లీ వెనక్కి. ఊలు తిప్పేది కుడి చూపుడువేలు, ఉంగరం ఉన్నదీ ఆ వేలికే. ఎడమచేతికి మారిస్తే కుట్లు ముందుకి తోసేటప్పుడు సూదికి తగులుతుంది. బటను ఎంత మెత్తనంటే సూది రాసుకున్నా ఒక అంకె పెరుగుతుంది. అందరూ తిట్టేది పక్కనున్న సున్నా బటన్ని. నాకు దాని మీద కోపం లేదు. సున్నా కనిపిస్తే లెక్క పోయిందని వెంటనే తెలుస్తుంది. 24 ఉండాల్సిన చోట 28 కనిపిస్తే ఎవరైనా నమ్ముతారు.

నేనూ నమ్మాను. టొరంటోలో చదువుకుంటున్న మా చెల్లెలి కొడుక్కి ముదురు నీలం స్వెట్టరు అల్లుతున్నాను. మొదటి చేతికి మణికట్టు దగ్గర 28 వరుసల బోర్డరు. రెండో చేతికీ కౌంటరు 28 చూపించింది, సరేనని పైకి అల్లుకుంటూ భుజం దాకా వెళ్లిపోయాను. రెండు చేతులూ పక్కపక్కన పరిస్తే ఒక బోర్డరు పొట్టి. లెక్కపెడితే 24. చెయ్యంతా విప్పే ఓపిక లేక, బోర్డరు వరకే కత్తిరించి తీసేసి, పైన మిగిలిన కుట్లని సూది మీదికి ఎక్కించి కిందివైపుకి మళ్లీ అల్లాను. అతుకు కనపడదు గానీ, ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ నన్ను పలకరించలేదు.

మళ్లీ అల్లేటప్పుడు కౌంటరు తీసి డ్రాయర్లో పడేశాను. పది వరుసలకోసారి ఒక నిట్ కుట్టుకి పిన్నీసు పెట్టుకుంటూ పోయాను. అప్పుడు తెలిసిందేమిటంటే, రిబ్బింగ్‌లో వరుసల లెక్క బట్టలోనే ఉంటుంది. అడ్డంగా కొంచెం లాగి పట్టుకుంటే నిట్ కుట్లు ఒకదాని మీద ఒకటి వి ఆకారంలో నిలువుగా కనిపిస్తాయి. ఒక్కో వి ఒక్కో వరుస, సూది మీదున్న కుట్టుతో సహా. పిన్నీసు దగ్గర్నుంచి మొదలుపెడితే ఎప్పుడూ పది లోపే లెక్క. మామూలు పిన్నీసుకి చివర చుట్ట ఉంటుంది, దాన్లో ఊలు ఇరుక్కుంటుంది. అందుకని తర్వాత కుట్టుకి తగిలించి మూసేసే ప్లాస్టిక్ తాళం గుర్తులు తెప్పించుకున్నాను. అల్లికలో లేనప్పుడు గాజుకి తగిలించుకుంటున్నాను, అలవాటు ఎక్కడికి పోతుంది.

అసలు లాభం ఆ గుర్తులని సూది మీద కూడా వేసుకోవడం మొదలుపెట్టాక కనిపించింది. వెనక్కీ ముందుకీ అల్లే 2×2 రిబ్బింగ్‌కి (రెండు నిట్, రెండు పర్ల్) నాలుగు గుణిజం మీద రెండు కుట్లు ఎక్కువ వేసుకుంటాం కదా, నావి 62. ప్రతి 20 కుట్లకీ ఒక గుర్తు, చివర రెండు కుట్లు మిగులుతాయి. మంచివైపున్నా (బయటికి కనిపించే వైపు) వెనకవైపున్నా, గుర్తు దాటగానే వచ్చే రెండూ నిట్టే. అక్కడ పర్ల్ ఎదురైతే తప్పు ఇప్పుడే దాటొచ్చిన ఇరవైలో ఉన్నట్టు. సాధారణంగా పర్ల్ తర్వాత ఊలు వెనక్కి తిప్పకుండా నిట్ వేసేసి ఉంటాం, సూది మీద ఒక కుట్టు అదనంగా పుట్టి ఉంటుంది. ఇంతకుముందు అది వరుస చివర తెలిసేది. వేలి మీది కౌంటరు వరుసలని చెబుతుందే గానీ వరుసలో ఎక్కడున్నామో చెప్పలేదు. రిబ్బింగ్‌లో మనం తప్పిపోయేదేమో అక్కడే.

కౌంటరు కొన్నాళ్లు మా అత్తగారి దగ్గరికి వెళ్లింది. అంకెలు వాటంతట అవే పెరుగుతున్నాయని ఆవిడతో చెప్పే ఇచ్చాను. 108కి నాలుగు అటూ ఇటూ అయితే రాముడు ఏమీ అనుకోడని తీసుకున్నారు.

మరి కొనొచ్చా అంటే, అల్లే పద్ధతిని బట్టి. ఊలు ఎడమచేత్తో పట్టుకునేవాళ్లకి వేలు ఇంతగా ఊగదు, వాళ్లకి నా ఫిర్యాదు వర్తించకపోవచ్చు. లేతరంగు ఊలుతో పగటిపూట అల్లేవాళ్లకి రిబ్బింగ్ వరకూ ఇది దండగ, గుర్తులు చాలు. నా సంగతి వేరు. చత్వారం వచ్చింది, రాత్రి ట్యూబ్‌లైటు కింద నలుపూ నీలమూ అల్లితే ఒక్క వి కూడా ఆనదు. అందుకే అత్తగారిని అడిగి వెనక్కి తెచ్చుకున్నాను. ఇప్పుడు వేలికి కాదు, మెడలో తాడుకి వేసుకుంటున్నాను.