ఐదు మీటర్ల హెచ్‌డీఎంఐ వైరు: ఎనిమిది నెలలు వాడాక

మాది రాజమండ్రి. హాల్లో ఉన్న టీవీ 2014లో కొన్నది, 32 అంగుళాలు, స్మార్ట్ కాదు. బొమ్మ ఇప్పటికీ నిక్షేపంలా వస్తోంది కాబట్టి మార్చే ప్రసక్తే లేదంటారు మావయ్యగారు. "పాడవ్వనీ, అప్పుడు చూద్దాం" అంటారు. అది పాడవ్వదు. ఇంకోపక్క మా ఆయన కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని పాతది నా మొహాన పడేశారు. దాని బ్యాటరీ 20 నిమిషాలు ఆగితే గొప్ప. ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలిపోతాయి. ట్యూషన్ పిల్లలకి ప్రశ్నపత్రాలు టైపు చేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదనుకున్నాను. ఈ రెండు ముసలి వస్తువులకీ పెళ్లి చేసింది, ల్యాప్‌టాప్ బొమ్మనీ మాటనీ టీవీకి మోసుకొచ్చే 450 రూపాయల హెచ్‌డీఎంఐ వైరు. ఈ రివ్యూ దాని గురించే.

పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టుకోవచ్చుగా అంటారు. ముందు అదే చేశాం. మా టీవీకి వెనక యూఎస్‌బీ ఉంది. పాటలు, ఫొటోలు వస్తాయి. సినిమా పెడితే మాత్రం ఒక్కోదానికి ఒక్కో రోగం. ఒకటి బొమ్మ వస్తుంది, మాట రాదు. ఇంకోటి మాట వస్తుంది, బొమ్మ రాదు. మూడోది "ఈ ఫైల్ సపోర్ట్ చేయదు" అని మొహం మీదే చెప్పేస్తుంది. తర్వాత తెలిసింది, ఇప్పటి ఫైళ్లలో చాలా హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించినవని. ఆ పద్ధతి 2013లో ఖరారైంది. ఆ రోజుల్లో తయారైన మా చిన్న టీవీకి దాని గొడవే తెలియదు. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే సినిమాలు ఆడించే సాఫ్ట్‌వేర్ ఉంటే అది దాదాపు దేన్నీ కాదనదు. అందుకే వైరు.

షాపులో రెండు చూపించారు. ఒకటి 450, ఇంకోటి 1800. రెండూ ఐదు మీటర్లే. ఖరీదైనదానికి చివర్లు బంగారు పూత, పైన నేత తొడుగు, అట్టపెట్టె మీద మంటలు మండుతున్న బొమ్మ. "దీంట్లో కలర్ బాగొస్తుంది మేడమ్" అన్నాడు కుర్రాడు. ఇది మాత్రం నమ్మకండి. పాత కేబుల్ టీవీ రోజుల్లో వైరు బాగోలేకపోతే బొమ్మ మసకగా వచ్చేది, నిజమే. హెచ్‌డీఎంఐలో పోయేది డిజిటల్ సిగ్నల్. వస్తే మొత్తం వస్తుంది. వైరుకి చేతకాకపోతే తెరంతా చుక్కలు మెరుస్తాయి, లేదా మధ్యమధ్యలో ఒక సెకను నల్లగా అయిపోతుంది. చీర ఎర్రదనం పెరగడం, తగ్గడం వైరు చేతిలో లేదు. మాది ఎలాగూ పాత టీవీ, ఫుల్ హెచ్‌డీ, అంటే 1080 గీతల బొమ్మకి మించి దానికి అవసరం లేదు. ప్యాకెట్ మీద "హై స్పీడ్" అని ఉందో లేదో చూసి 450ది తెచ్చుకున్నాను.

కొనేముందు నేను చేసిన మంచి పని ఒక్కటే, ఇంట్లో పురికొసతో కొలుచుకోవడం. టీవీ నుంచి ప్లగ్గు బోర్డు దగ్గరున్న స్టూలు దాకా, గుమ్మం చుట్టూ గోడ వెంట తిప్పితే నాలుగు మీటర్ల చిల్లర వచ్చింది. హాలుకి అడ్డంగా తిన్నగా కొలిస్తే రెండున్నరే. రెండున్నరది కొని ఉంటే హాలు మధ్యలో వైరు వేలాడేది, మావాడు పరుగెత్తుకొచ్చి ల్యాప్‌టాప్‌తో సహా బోర్లా పడేవాడు.

ఇక మొదటి సాయంత్రం. టీవీ గోడకి బిగించి ఉంది, హెచ్‌డీఎంఐ రంధ్రాలు వెనక. చెయ్యి పట్టదు. సెల్‌ఫోన్ టార్చి మావాడు పట్టుకుంటే, నేను స్టూలెక్కి చెంప గోడకి ఆనించి తడుముకుంటూ పెట్టాను. ఒకదాంట్లో సెట్‌టాప్ బాక్స్, రెండోది ఖాళీ. పెడుతుంటే వైరు చివరి ఇనుప అంచు తగిలి చీమ కుట్టినట్టు చురుక్కుమంది. చెయ్యి లాగేసుకుని, భ్రమేమో అని మళ్లీ ముట్టుకున్నాను. మళ్లీ చురుక్కు. టెన్షన్ వచ్చి మొత్తం ఆపేశాను.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి టీవీ వైపు చూడనే లేదు. తిన్నగా ల్యాప్‌టాప్ ఛార్జర్ దగ్గరికెళ్లాడు. దాని మూడు పిన్నుల ప్లగ్గుకి మేం రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించి వాడుతున్నాం, ఎన్నేళ్లుగానో. "ముందిది అవతల పారేయండమ్మా" అన్నాడు. ఛార్జర్లోంచి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ లీకవుతూ ఉంటుందట. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే ల్యాప్‌టాప్ ఇనుప భాగాల మీదికి, అక్కణ్ణుంచి ఈ కొత్త వైరు చివరికి వస్తుంది. కన్వర్టర్ తీసి మూడు పిన్నుల సాకెట్‌లో పెడదామంటే, మా బోర్డులో పై రంధ్రానికి వైరే లేదు! ఇల్లు కట్టినప్పుడు అలంకారానికి పెట్టినట్టున్నారు. ఎర్త్ లాగించడానికి 600 అయింది. వైరు కంటే అదే ఎక్కువ. అయినా ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా గిట్టుబాటైన ఖర్చు అదే. మీ ఇంట్లోనూ ల్యాప్‌టాప్ అంచు తాకితే జివ్వుమంటుంటే, వైరు కొనకముందు బోర్డు చూపించుకోండి. ఇప్పటికీ నేను వైరు పెట్టేటప్పుడు రెండూ ఆపేసే పెడతాను.

తర్వాతంతా సులువే. టీవీ రిమోట్‌లో సోర్స్ నొక్కి హెచ్‌డీఎంఐ రెండు ఎంచుకోవాలి. ల్యాప్‌టాప్‌లో విండోస్ బటన్, పీ కలిపి నొక్కితే నాలుగు వరసలు వస్తాయి. డూప్లికేట్ పెడితే ల్యాప్‌టాప్‌లో ఉన్నదే టీవీలోనూ కనిపిస్తుంది. ఇది ప్రమాదం. వినాయక చవితికి ఇంటినిండా చుట్టాలున్నప్పుడు, చిట్టీ డబ్బులు ఇంకా కట్టలేదని మా స్నేహితురాలు పెట్టిన మెసేజ్ టీవీ మూలన టింగుమని వచ్చింది. ఆడపడుచు చదివింది కూడా. అప్పట్నుంచి అన్నిటికంటే కింద ఉండే "సెకండ్ స్క్రీన్ ఓన్లీ" పెడుతున్నాను, సినిమా ముందు ఆ మెసేజ్‌లు రాకుండా ఆపేస్తున్నాను.

బొమ్మ వచ్చింది, మాట మాత్రం స్టూలు మీంచి వస్తోంది. టీవీలో హీరో అరుస్తుంటే ల్యాప్‌టాప్ కీచుమంటోంది. కింద మూలన స్పీకర్ గుర్తు నొక్కి, వచ్చే పేర్లలో టీవీ పేరు ఎంచుకుంటే మాట టీవీలోకి వెళ్లిపోతుంది. ఇదొక్కటీ తెలియక ఆ రోజు పావుగంట పోయింది.

ఇంకోటి, తెర అంచులు తెగడం. మలయాళం సినిమా పెడితే సబ్‌టైటిల్స్‌లో కింది లైను సగానికి కోసేసినట్టుంది. టీవీలు పాత ప్రసారాల అలవాటు కొద్దీ బొమ్మని కొంచెం పెద్దది చేసి అంచులు కత్తిరిస్తాయి. దీన్ని ల్యాప్‌టాప్‌లో సరిచేయబోతే బొమ్మ పాడవుతుంది. టీవీ రిమోట్‌తోనే పిక్చర్ సైజులోకి వెళ్లాలి. అక్కడ ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది, జస్ట్ స్కాన్ అనో, స్క్రీన్ ఫిట్ అనో, ఫుల్ పిక్సెల్ అనో. మాదాంట్లో మూడో వరసలో దొరికింది.

అసలు ఈ వైరుకి నేను మార్కులు వేసేది అత్తయ్యగారి సినిమాల దగ్గర. ఆవిడకి నలుపు-తెలుపు పౌరాణికాలు కావాలి. ఆ సినిమాల బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది, నాలుగుకి మూడు కొలత. ఇప్పటి టీవీ పదహారుకి తొమ్మిది. ఎవరో పుణ్యాత్ములు తెర నిండాలని ఆ బొమ్మని అడ్డంగా సాగదీసి నెట్‌లో పెట్టేస్తారు. ఎస్వీ రంగారావు గారు అసలే నిండైన విగ్రహం. సాగదీస్తే కిరీటం ఒక గోడకీ గద ఒక గోడకీ తగిలేలా ఉన్నారు. సావిత్రి గారి మొహం చూసి అత్తయ్యగారు "అమ్మాయ్, ఈవిడకి ఇంత వాపు ఎప్పుడొచ్చింది?" అన్నారు. ఆ ఫైలు ల్యాప్‌టాప్‌లో ఉండబట్టి సరిపోయింది. వీఎల్‌సీలో "ఏ" అక్షరం నొక్కుతూ పోతే కొలతలు మారతాయి. నాలుగుకి మూడు దగ్గర ఆపాను. రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చాయి, మధ్యలో మనుషులు మనుషుల్లా అయ్యారు. "ఇదీ మా సావిత్రి" అని కుర్చీ ముందుకి లాక్కున్నారు.

మావయ్యగారి ఫిర్యాదు దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఆయనకి రంగుల సినిమాలు కావాలి. వాటికి పైనా కిందా పట్టీలు. "32 అంగుళాలకి డబ్బిచ్చాం, 24 అంగుళాలే వాడుతున్నారు" అంటారు. తెలుగులో స్కోప్ సినిమా 1974లో మొదలైందనీ, అది టీవీ కంటే వెడల్పుగా ఉంటుందనీ, పట్టీలు తీసేస్తే పక్కనున్న మనుషులు ఎగిరిపోతారనీ చెప్పి చూశాను. వినరు. ఒకసారి ఆయన కోరినట్టే తెర నిండా పెట్టాను. ఇద్దరు మాట్లాడుకునే సీనులో ఒకాయన ముక్కు, ఇంకొకాయన చెవి మిగిలాయి. అప్పట్నుంచి పట్టీల మాట ఎత్తలేదు.

మాటలు సన్నగా, ఫైట్లు హోరుగా వినిపించడం అన్ని ఇళ్లల్లోనూ ఉన్నదే. కొత్త సినిమాల సౌండు ఆరు స్పీకర్ల లెక్కలో ఉంటుంది, మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి ఇస్తారు. టీవీకి ఉన్నవి రెండే, అవీ గోడ వైపు తిరిగి ఉన్నాయి. వీఎల్‌సీలో టూల్స్, ఎఫెక్ట్స్, అందులో కంప్రెసర్ ఆన్ చేస్తే హోరు కొంత అణుగుతుంది. పూర్తిగా కాదు. పక్కింటివాళ్లు గోడ తట్టడం మాత్రం ఆగింది.

ఇంకొక సూక్ష్మం, అందరికీ పట్టకపోవచ్చు. కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగేటప్పుడు బొమ్మ చిన్నచిన్నగా తడబడేది. కారణం లెక్కల టీచర్‌కి నచ్చేదే. సినిమా సెకనుకి 24 బొమ్మలు, ల్యాప్‌టాప్ పంపేది 60. ఇరవై నాలుగు అరవైలో సరిగ్గా పోదు. అందుకని ఒక బొమ్మ రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు వస్తుంది, ఆ ఎగుడుదిగుడే కంటికి తెలుస్తుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ 24కి మారిస్తే పోయింది. అన్ని టీవీలూ ఒప్పుకోవు, మాది ఒప్పుకుంది. సినిమా అయ్యాక మళ్లీ 60కి తెచ్చుకోవాలి, లేకపోతే మౌస్ బురదలో నడిచినట్టు నడుస్తుంది.

హైదరాబాద్‌లో మా చెల్లిది కొత్త స్మార్ట్ టీవీ, పల్చటి ల్యాప్‌టాప్. "వైరెందుకక్కా, విండోస్, కే నొక్కితే గాల్లోనే వచ్చేస్తుంది" అంది. వెళ్లినప్పుడు చూశాను. ఫొటోలకి హాయిగా ఉంది. సినిమా పెట్టాక మాత్రం పాట మధ్యలో బొమ్మ గడ్డకట్టింది, రెండుసార్లు. దాని ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ లేదు, టైప్-సీ మాత్రమే. షాపులో "టైప్-సీ అయితే చాలు" అని కన్వర్టర్ అమ్మేశారు, తీరా పని చేయలేదు. ఆకారం ఒకటే అయినా అన్ని టైప్-సీలూ బొమ్మని బయటికి పంపవు. పక్కన డీ, పీ కలిసిన గుర్తో, మెరుపు గుర్తో ఉందేమో చూసుకోవాలి, లేదా మోడల్ వివరాల్లో వెతుక్కోవాలి. మా చెల్లికైతే ఆ టీవీలోనే యాప్‌లున్నాయి, ఈ వైరు గోలే అక్కర్లేదు. ఫోర్‌కే టీవీకి దూరంగా లాగాలనుకునేవాళ్లు మాత్రం నా 450 మాట పట్టుకోకండి. ఫోర్‌కేలోలా బొమ్మలో వివరం పెరిగేకొద్దీ, వైరు పొడవయ్యేకొద్దీ చవక వైరు చేతులెత్తేస్తుంది. సర్టిఫికెట్ ఉన్నదే తీసుకోండి, కుదిరినంత పొట్టిది.

వైరు మీద నా ఫిర్యాదులు రెండు. గట్టిగా, మొండిగా ఉంటుంది, మూల దగ్గర వంగదు, ఎలక్ట్రీషియన్ వైరు క్లిప్పులు కొట్టాకే గోడకి అతుక్కుంది. రెండోది, దీనికి పాత మానిటర్ వైరుకి ఉన్నట్టు మరలు లేవు. బరువుకి లాగి లాగి నాలుగో నెలకి ల్యాప్‌టాప్ వైపు వదులైంది, కదిలితే బొమ్మ పోయేది. స్టూలు కాలికి ఒక చుట్టు చుట్టి తాడుతో కట్టాను. మళ్లీ కదల్లేదు. టీవీ వైపు ఎల్ ఆకారం ముక్క ఒకటి, 120 రూపాయలు, పెడితే గోడకి నొక్కుకోకుండా ఉంటుంది.

పెద్ద లోటు ఏంటంటే రిమోట్ లేదు. ఫోనొస్తే, పాలవాడొస్తే, ఎవరో ఒకరు లేచి స్టూలు దాకా వెళ్లి స్పేస్ బార్ నొక్కాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. చివరికి వైరు లేని మౌస్ ఒకటి కొన్నాను. అది ఇప్పుడు మావయ్యగారి కళ్లజోడు పెట్టె పక్కన ఉంటోంది. మోకాలి మీద పెట్టుకుని నొక్కుతారు. నిద్ర తూగినప్పుడు చెయ్యి జారి సినిమా ఆగిపోతుంది. అందరం ఆయన వైపు తిరిగితే, కళ్లు తెరవకుండానే "కరెంటు పోయిందా?" అంటారు.